చైనా వలస సాహిత్యంలో స్త్రీల ధిక్కారం ఎలా కనిపిస్తుంది?

ముఖ్యంగా, చెప్పొద్దన్నది చెప్పడంలో. అమెరికాలో రచయిత్రి సుయి సిన్ ఫార్ 1912లోనే తన కథల్లో చైనా స్త్రీలను సొంత మనసున్న మనుషులుగా చూపింది. 1976లో అచ్చైన మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ పుస్తకం 'ది వుమన్ వారియర్' ఇంకా ముందుకెళ్లింది. భర్త దూరదేశంలో ఉండగా గర్భం వచ్చిందని ఊరంతా ఇంటి మీద పడితే, పసిబిడ్డతో బావిలో దూకిన, కథ చెప్పే అమ్మాయి మేనత్త కథతో అది మొదలవుతుంది. ఇంట్లో ఆమె పేరే ఎత్తరు. ఎవరికీ చెప్పొద్దని తల్లి హెచ్చరించినా కూతురు రాసేస్తుంది. కత్తి పట్టిన చైనా జానపద వీరనారి మూలాన్ కథ కూడా అందులో ఉంది గానీ, నా దృష్టిలో అసలు తిరుగుబాటు ఈ రాయడమే. ఆ కూతురే బయట జాతి వివక్ష చూపే యజమాని ముందు గొంతు పెగలకపోయినా, జాతి వివక్షపై నిరసనలు ఎదుర్కొంటున్న రెస్టారెంట్‌లో విందుకు ఆహ్వాన పత్రాలు టైప్ చేయనని చెప్పి ఉద్యోగం పోగొట్టుకుంటుంది.