ఓటర్ల జాబితాలో పేరు లేకపోతే మళ్లీ ఎన్నికల దాకా ఆగాలా?

ఆగనక్కరలేదు, 2024 మే 13న ఆంధ్రప్రదేశ్ ఎన్నికల పోలింగు రోజు జాబితాలో పేరు లేక వెనుదిరిగిన ముస్లిం ఓటర్లయినా, మరెవరైనా ఇప్పుడే కొత్తగా పేరు చేర్పించుకునే ఫారం-6 నింపి బూత్ స్థాయి అధికారికి గానీ ఆన్‌లైన్‌లో గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. జాబితా సవరణ ఏడాది పొడవునా సాగే పని. నామినేషన్ల గడువు ముగిశాక మాత్రం ఆ ఎన్నికకు కొత్త పేర్లు చేర్చరు కాబట్టి, జుమ్మా నమాజు తర్వాత మసీదు ఆవరణలో ఈ సంగతి మాట్లాడుకోవడానికి ఎన్నికలు లేని రోజులే మేలు.

ఉదాహరణకు, విజయవాడ వించిపేట నుంచి గుంటూరు ఆనందపేటకు అద్దె ఇల్లు మారిన కుటుంబం ఫారం-8తో ఓటును మార్పించుకోవాలి. ‘షేక్’ అన్న ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరొకదానిలో వెనక పడిన తప్పులకూ అదే ఫారం. చిన్న విషయమే అనిపించినా, పోలింగు రోజున పేరు వెతికేటప్పుడు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది.

చేతిలో ఓటరు కార్డుంటే ఓటున్నట్టేనని చాలామంది పొరబడతారు. కార్డు గుర్తింపునకే, జాబితాలో పేరుంటే ఆధార్ చూపించి అయినా ఓటు వేయవచ్చు, పేరు లేకపోతే కార్డున్నా వేయలేరు.