మంచినీటి చేప అని కొన్న పచ్చ మచ్చల పఫర్‌కు బ్రాకిష్ తొట్టి ఎలా సిద్ధం చేయాలి?

హైదరాబాదులో ఒక దుకాణంవారు మంచినీటి చేపలని చెప్పి అమ్మిన రెండు పచ్చ మచ్చల పఫర్ (బెదిరితే ఉబ్బే చేప) పిల్లలు పది రోజుల్లోనే పొట్ట నల్లబడి అడుగున పడుకుంటున్నాయని, కల్లుప్పు వేస్తే సరిపోతుందా అని, బ్రాకిష్, అంటే మంచినీటికీ సముద్రపు నీటికీ మధ్యస్థంగా ఉప్పగా ఉండే నీటి తొట్టి సిద్ధం కావడానికి ఎన్నాళ్ళు పడుతుందని మీరు అడిగారు. నేను కాకినాడలో ఉంటాను. ఇదే చేపను ఇదే మాట నమ్మి కొని, మొదటిదాన్ని నా తొందరపాటుతో పోగొట్టుకుని, రెండోదాన్ని నాలుగేళ్ళుగా పెంచుతున్నాను.

ముందుగా మీ దగ్గరున్నది ఏ పఫరో రూఢి చేసుకోండి. పచ్చటి వీపు మీద గుండ్రని నల్ల చుక్కలు, తెల్లటి పొట్ట ఉంటే అది డైకోటోమిక్టెరే నైగ్రోవిరిడిస్. పాత పుస్తకాల్లో టెట్రాడాన్ నైగ్రోవిరిడిస్ అని ఉంటుంది; 2004లో జన్యుపటం వెలువడిన చేప ఇదే. పెరిగితే దాదాపు 15 సెంటీమీటర్లు అవుతుంది. కేరళ నదుల్లో దొరికే బఠాణీ గింజంత పఫర్ వేరు. అది పూర్తిగా మంచినీటి చేప, దానికి ఉప్పు అక్కరలేదు. ఈ రెండింటినీ ఒకే అరలో పెట్టి ఒకే మాట చెప్పి అమ్మడం వల్లే చిక్కంతా వస్తోంది. మీ చేప నదీముఖాల్లో, మడ అడవుల్లో పోటుకూ పాటుకూ మధ్య బతికే జాతి. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరును చూసినవారికి బ్రాకిష్ అంటే విడమరచి చెప్పనక్కరలేదు: వరద వచ్చినప్పుడు చప్పగా, ఎండాకాలంలో ఉప్పగా ఉండే నీరు. పిల్ల పఫర్ తక్కువ ఉప్పులో కొంతకాలం నెట్టుకొస్తుంది, కాబట్టి మీరు ఈ రాత్రికి రాత్రే ఉప్పు కుమ్మరించవలసిన అవసరం లేదు.

ఇక కల్లుప్పు సంగతి. అది సముద్రం నుంచి వచ్చినదే కదా అని నేనూ వాదించాను. అయితే నౌపడ వంటి చోట్ల ఉప్పు మడుల్లో జరిగేది గమనించండి: నీరు ఆవిరై చిక్కబడే కొద్దీ కాల్షియం సున్నపురాయిగానూ జిప్సంగానూ ముందే అడుగుకు దిగిపోతుంది, ఆ తరువాత ఉప్పు గళ్ళు కడుతుంది, మెగ్నీషియం మిగిలిన చేదునీటిని బయటికి వదిలేస్తారు. మన చేతికి వచ్చేది దాదాపు సోడియం క్లోరైడ్ మాత్రమే. నీటి పీహెచ్‌ను, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలతను, నిలబెట్టే కార్బొనేట్లు అందులో ఉండవు. అందువల్ల అక్వేరియం దుకాణాల్లో సముద్రపు చేపల కోసం అమ్మే మెరైన్ సాల్టునే కొనండి. ఖరీదు ఎక్కువే, కానీ ఇక్కడ పొదుపు చేయకూడదు.

నా తొట్టి మూడడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు, అంతే ఎత్తు. ఇసుక, పైన వదిలిన ఖాళీ పోగా 110 లీటర్ల నీరు పడుతుంది. పెరిగిన చేప ఒక్కదానికి ఇదే కనీసమని నా అభిప్రాయం. నీటి సాపేక్ష సాంద్రత (మంచినీటిని 1 అనుకుంటే దానితో పోల్చిన బరువు) 1.005, అంటే సుమారు 7 పీపీటీ (వెయ్యి భాగాల్లో 7 భాగాల ఉప్పు), రావడానికి నాకు 850 గ్రాముల మెరైన్ సాల్టు పట్టింది. కొలవడానికి తేలే ముల్లున్న చవక హైడ్రోమీటరును నమ్మకండి. ముల్లుకు ఒక గాలిబుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. వనామి రొయ్యలు సాగుచేసే మా అన్నయ్య చెరువుగట్టున వాడే రిఫ్రాక్టోమీటరునే, అంటే నీటిలో కాంతి వంగే తీరును బట్టి ఉప్పును కొలిచే గొట్టాన్ని, నాకు ఇచ్చాడు. డిస్టిల్డ్ వాటరు చుక్క వేసి సున్నాకు సరిచేసుకుని, తొట్టి నీరు ఒక్క చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే చాలు. ఆక్వా మందుల దుకాణాల్లో అది దొరుకుతుంది. ఇసుకలో కోళ్ళ దాణాలో కలిపే షెల్ గ్రిట్, అంటే నలగ్గొట్టిన ఆల్చిప్పల ముక్కలు, రెండు కిలోలు కడిగి కలపండి. పగడపు ముక్కలు వేయమని విదేశీయులు చెబుతారు గానీ, 2001 నుంచి మన దేశంలో పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటి జోలికి పోవద్దు.

నా మొదటి చేప చనిపోయింది ఉప్పు వల్ల కాదు, సైక్లింగ్, అంటే చేప కంటే ముందే ఫిల్టరులో మేలుచేసే బాక్టీరియాను పెంచడం, తెలియక. తొట్టి పెట్టిన ఎనిమిదో రోజున నీరు అద్దంలా తేటగా ఉందని చేపను వదిలాను. తేటదనానికీ దీనికీ సంబంధం లేదు. చేప విసర్జించే అమ్మోనియాను ఒక జాతి బాక్టీరియా నైట్రైట్‌గా, మరో జాతి దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి ఫిల్టరు స్పాంజిలో స్థిరపడటానికి వారాలు పడుతుంది. బ్రాకిష్ నీటి పీహెచ్ 8 దగ్గర ఉంటుంది కాబట్టి అదే మోతాదు అమ్మోనియా మంచినీటిలో కంటే ఇక్కడ ఎక్కువ విషం. పైగా ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారేసరికి 7 మిల్లీగ్రాములకు పైగా క్షారత (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల నిల్వ) ఖర్చవుతుంది. కాలువ నీటిలో కల్లుప్పు వేసిన నా తొట్టిలో క్షారత అయిపోయి పీహెచ్ 6కు జారింది, బాక్టీరియా పని మందగించింది, చేప ఐదు రోజుల్లో పోయింది.

రెండోసారి చేప లేకుండానే సైకిల్ నడిపాను. మొదట పచ్చిరొయ్య ఒకటి బట్టలో కట్టి వేశాను. మూడోనాటికి ఆ వాసనకు అమ్మ తొట్టితో సహా నన్ను వరండాలోకి పంపింది. అప్పుడు రొయ్యను తీసేసి, నీరంతా మార్చి, అమ్మోనియం క్లోరైడ్‌కు మారాను. ఇది మన పెద్దలు ఇత్తడి గిన్నెలకు కళాయి పోయించేటప్పుడు చూసిన నవాసాగరమే, అయితే కళాయి సరుకులో లోహాల మలినాలు ఉండవచ్చు కాబట్టి ప్రయోగశాలలకు అమ్మే శుద్ధమైనదాన్నే తెచ్చుకోండి. 110 లీటర్లకు 0.7 గ్రాములు వేస్తే అమ్మోనియా 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో 2) వస్తుంది. పన్నెండో రోజు దాకా నీటిని పరీక్షించే కిట్టులోని అమ్మోనియా గొట్టంలో ఆకుపచ్చ రంగు తగ్గనే లేదు. ఆ తరువాత అది పసుపుకు తిరిగింది గానీ, నైట్రైట్ గొట్టం నేరేడుపండు రంగుకు వచ్చి రెండు వారాలు అలాగే నిలిచింది. ముప్పై నాలుగో రోజున, వేసిన 2 పీపీఎం ఇరవై నాలుగు గంటల్లో మాయమై, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాయి. సగం నీరు మార్చి, చేపను అప్పుడు తెచ్చాను. మధ్యలో అన్నయ్య చెరువులో చల్లే ప్రోబయోటిక్ కూడా వేసి చూశాను. అవి ఎక్కువగా అడుగు మట్టిలోని కుళ్ళును అరిగించే బాసిలస్ రకాలు, ఈ పనికి రావు.

మీ దగ్గర చేపలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి అన్ని రోజులు ఆగలేరు. జబ్బులేని పాత మంచినీటి తొట్టి ఎవరి దగ్గరైనా ఉంటే, దాని ఫిల్టరులో నుంచి ఒక స్పాంజిని తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టండి. మంచినీటి బాక్టీరియా కొద్ది ఉప్పుకు అలవాటు పడతాయి, కాబట్టి వారానికి 0.002 చొప్పున మాత్రమే సాంద్రత పెంచుతూ 1.005కు చేరండి. చేప పెరిగే కొద్దీ ఏడాది, ఏడాదిన్నరలో 1.015 దాకా తీసుకువెళ్ళవచ్చు. రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూసి, ఏది 0.25 పీపీఎం దాటినా మూడోవంతు నీరు మార్చండి. మార్చే నీటిలో కుళాయి క్లోరిన్ పోవడానికి హైపో కలిపి, ఉప్పును ముందురోజే బకెట్‌లో గాలిరాయి పెట్టి కరిగించాలి; చేప ఉన్న తొట్టిలో పొడి ఉప్పు నేరుగా వేయకూడదు. ఎండకు ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అద్దం మీద టేపుతో నీటిమట్టం గీత పెట్టుకుని, తగ్గినదాన్ని మంచినీటితోనే నింపండి. మొదటి వేసవిలో నేను ఉప్పునీరు పోస్తూ పోయి, తెలియకుండానే 1.009కి చేర్చాను.

తిండి విషయంలో పిసినారితనం మంచిదే: పొట్ట కొద్దిగా గుండ్రబడేంత పెడితే చాలు. పళ్ళు నిరంతరం పెరుగుతాయి కాబట్టి గుల్లతో ఉన్న చిన్న నత్తలు తప్పనిసరి. మా చేప నత్తను చూస్తే ముందు చుట్టూ తిరిగి, రెండు కళ్ళనూ వేర్వేరుగా తిప్పి, తరువాత పటుక్కున కొరుకుతుంది. ఆ చప్పుడు పక్కగదిలోకి వినిపిస్తుంది. ఒట్టి రొయ్యలే పెడితే వాటిలోని థయామినేజ్ అనే, బి1ను విరిచే ఎంజైము వల్ల బి1 విటమిన్ లోపం వస్తుంది.

రెండు చేపలూ ఒకే తొట్టిలో నిలవవని నా అనుమానం. ఒకదాని తోక చివర కొరికినట్టు కనిపించిన రోజునే రెండోదాన్ని వేరు చేయండి. చేసేటప్పుడు వల వాడకండి, నీళ్ళతో సహా మగ్గులో ఎత్తండి. నీటి బయట ఉబ్బితే అది గాలి మింగుతుంది, ఆ గాలిని వదలలేక పైన తేలిపోయే ప్రమాదం ఉంది.