చిన్న కాలేజీలో బీఏ హిస్టరీ చేస్తే అమ్మాయి చదువు వృథా అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ హెచ్‌ఈసీ మంచి మార్కులతో పాసైంది. చీరాల దగ్గర్లోని చిన్న ప్రభుత్వ కాలేజీలో బీఏ హిస్టరీ ఆనర్స్ చేస్తానంటోంది. అక్కడి హిస్టరీ మేడం పిల్లలతో పాత పత్రికలు చదివిస్తారట, వాళ్లతో కలిసి వ్యాసాలు రాస్తారట. బంధువులేమో బెంగళూరులో లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీకి పంపమంటున్నారు. ఏడాదికి ఐదారు లక్షలు, లోన్ తీసుకోవాలి. ఏది మేలు? చిన్న కాలేజీలో రీసెర్చ్ అంటే నలుగురూ నవ్వరా?
– ఒక తండ్రి, బాపట్ల జిల్లా

జవాబు: రెండింటినీ పోల్చి చెప్పమన్నారు కానీ, మీ టెన్షన్ అంతా ఆ చివరి వాక్యంలోనే ఉంది. పిల్లల్ని బీఏలో చేర్చాలనుకునే తల్లిదండ్రులు ఎంతోమంది నన్ను ఇదే అడిగారు. ఆ నలుగురిలో ఒక్కరూ మీ లోన్ కిస్తీ కట్టరండీ. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఫీజు రాశారు, బంధువుల మాట రాశారు. మీ అమ్మాయికి హిస్టరీలో ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు?

మీరుండే చోటు ఎలాంటిదో చూసుకోండి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత తెలుగు పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో అక్కడికి వస్తారు. 1921 నాటి చీరాల-పేరాల ఉద్యమం మీ గడప ముందే జరిగింది. మున్సిపాలిటీ పన్నులు కట్టలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు వదిలేసి, ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి ఉన్నారు. నాయకుడి గురించి చాలా రాశారు. మరి ఆ చేనేత కుటుంబాలు పాకల్లో మగ్గం ఎలా నడిపాయి? నూలు ఎక్కడ తెచ్చుకున్నాయి? డిగ్రీ రెండో ఏడాది పిల్ల ఆ సంవత్సరం పత్రికలు వరసగా తిరగేసి, తేదీ, పేజీ నంబరుతో నోట్సు రాసుకుని, తాతలు చెప్పగా విన్న పెద్దవాళ్లను పేటలో కలిసి అడిగి రాయగల విషయం ఇది. రాసిన దాని మీద మేడం “దీనికి ఆధారం ఏది?” అని మార్జిన్‌లో రాసి వెనక్కి ఇస్తే, పిల్ల మళ్లీ లైబ్రరీకి వెళ్తుంది. హ్యుమానిటీస్‌లో పరిశోధన నేర్చుకోవడమంటే ఇదే. రాసింది శ్రద్ధగా చదివే ఒక మనిషి కావాలి. క్లాసులో పాతికమంది ఉన్నచోట ఆ తీరిక ఎక్కువ దొరుకుతుంది.

లిబరల్ ఆర్ట్స్ మీద నా అనుమానాలు దాచుకోను. కొన్నిచోట్ల గొప్ప అధ్యాపకులున్నారు. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే నేనే పంపమంటాను. కానీ ఆ పేరు పెట్టుకున్న ప్రతి కోర్సూ ఆ స్థాయిలో లేదు. బ్రోచర్లో క్యాంపస్, విదేశీ ట్రిప్పులు చూపిస్తారు. హిస్టరీలో శాశ్వత అధ్యాపకులెందరు, వాళ్లు ఏం రాశారు అని అడిగితే నీళ్లు నములుతారు. ఇరవై లక్షల అప్పుతో బయటికొచ్చిన పిల్ల ఎంఏ, పీహెచ్‌డీ అని ఆరేడేళ్లు చదవగలదా? కిస్తీ కోసం దొరికిన ఉద్యోగంలో చేరిపోతుంది. ఏ చదువు కోసం పంపారో అది అక్కడితో ఆగిపోతుంది. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను, నాకు బాధగానే ఉంటుంది.

చిన్న కాలేజీ అయితే చాలు, అనీ అనను. వెయ్యో రెండు వేలో కడితే వారం తిరక్కుండా వ్యాసం అచ్చేసే జర్నళ్లు అన్ని కాలేజీల చుట్టూ తిరుగుతున్నాయి. నమ్మదగిన జర్నళ్లకు యూజీసీ పెట్టిన కేర్ జాబితానూ 2025లో ఎత్తేసింది కాబట్టి ఏ జర్నల్ మంచిదో కాలేజీలే తేల్చుకోవాలి. డబ్బు కట్టి పేరు వేయించుకునే పని మాత్రం అమ్మాయితో చేయించకండి. రేపు పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే బయటపడుతుంది.

ఉద్యోగం సంగతికొస్తే, నెట్, గ్రూప్స్, డీఎస్సీ గురించి మీకు తెలిసిందే. దారి సులువని చెప్పను. లెక్చరర్ నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో తెలియదు. కానీ పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37 వేలు, ఇంటి మీద భారం ఉండదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంఏ సీటుకు సీయూఈటీ-పీజీ ప్రవేశ పరీక్ష మార్కు చూస్తారు, డిగ్రీ ఏ ఊళ్లో చదివిందని కాదు. ఆధారం సరిచూసుకుని నాలుగు పేజీలు సొంతంగా రాయగలిగితే గ్రూప్-1 మెయిన్స్‌లోనూ పత్రికాఫీసులోనూ అదే అక్కరకొస్తుంది. ధైర్యంగా ఉండండి.

ఈ వారమే అమ్మాయిని తీసుకుని ఆ మేడం దగ్గరికి వెళ్లండి. పాత విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టు ఒకటి చూపించమనండి, దిద్దిన గుర్తులు ఉన్నాయో లేదో చూడండి. నాలుగో ఏడాది ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ అక్కడ ఉందా అని అడగండి. దానికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం రావాలి, పీహెచ్‌డీ గైడ్ అర్హత ఉన్న శాశ్వత అధ్యాపకులు డిపార్ట్‌మెంటులో కనీసం ఇద్దరుండాలి. చాలా చిన్న కాలేజీల్లో కుదరదు. కుదరకపోతే మూడేళ్లకు డిగ్రీ తీసుకుని ఎంఏకు వెళ్లొచ్చు, నష్టం లేదు. మేడంకు బదిలీ అయితే ప్రాజెక్టులు ఎవరు చూస్తారో కూడా తెలుసుకోండి. ప్రశ్నలన్నీ అమ్మాయినే అడగనివ్వండి.