ఛాతీమంట ఉంటే స్లీవా, బైపాసా?
అక్కకు బరువు తగ్గే ఆపరేషన్ అనుకుంటున్నారు, కానీ రాత్రి పడుకోగానే పుల్లటి నీళ్లు గొంతులోకొస్తాయి, ఏది మేలని నల్గొండ నుంచి అడిగారు.

నేనైతే బైపాస్ అంటాను. స్లీవ్‌లో పొట్టను ముప్పావు వంతు పైగా కోసేసి, అరటికాయంత గొట్టం మిగులుస్తారు. లోపల ఒత్తిడి పెరిగి యాసిడ్ పైకి తంతుంది. మంట లేనివాళ్లకూ కొత్తగా రావచ్చు. రూ-ఎన్-వై అనే బైపాస్‌లో పొట్ట పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఆ సంచి సుమారు 30 మి.లీ., అంటే రెండు గుక్కల చాయ్. అందులో యాసిడ్ తక్కువ, పైత్యరసం దూరంగా పేగులో కలుస్తుంది. మినీ బైపాస్ వేరు, అందులో పేగును ఒకే చోట కలుపుతారు కాబట్టి పైత్యరసం పైకి ఎగదన్నొచ్చు.

బైపాస్ తర్వాత విటమిన్, ఐరన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ బంద్, పుండ్లు పడతాయి. హైదరాబాద్ పోయి సర్జన్‌ని కలిసినప్పుడు ముందు ఎండోస్కోపీ చేయమనండి. హయాటస్ హెర్నియా, అంటే పొట్ట పైభాగం ఛాతీలోకి జారడం, బయటపడితే అదే ఆపరేషన్‌లో సరిచేయవచ్చు.