ఏ రెసిడెన్షియల్ స్కూల్లో చేర్చాలో తేలడం లేదు

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్లు. ఏడాదిగా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదు. గది తలుపు వేసుకుని పొద్దుపోయేదాకా ఫోను చూస్తుంటాడు. మార్కులు బాగా తగ్గాయి. హాస్టల్లో వేస్తే దారిలో పడతాడని మావారి పట్టుదల. మూడు స్కూళ్లు చూసి వచ్చి ఫీజు, ఫలితాలు, మైదానం, గదులు, భోజనం అన్నిటికీ మార్కులు వేసి పట్టిక తయారుచేశాను. మీకూ పంపుతున్నాను. మొదటిది ర్యాంకులకు పేరుపడింది. రెండోది విశాలంగా ఉంది, ఖరీదూ అంతే. మూడోది చిన్నది, మాకు దగ్గర, వారాంతాల్లో ఇంటికి పంపుతారు. మావారు మొదటిదే అంటున్నారు, నాకు మూడోది నచ్చింది. అబ్బాయిని అడిగితే ‘మీ ఇష్టం’ అన్నాడు. శనివారంలోగా అడ్వాన్సు కట్టకపోతే సీటు ఉండదని మొదటి స్కూలువాళ్లు ఫోన్లు చేస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: శనివారం సంగతి ముందు తేల్చేద్దాం. అడ్వాన్సు కట్టకండమ్మా. పిల్లవాడు రాత్రింబవళ్లు ఉండబోయే చోటు గురించి తల్లిదండ్రులను నాలుగు రోజులు ఆలోచించుకోనివ్వనివాళ్లు, రేపు ఫిర్యాదుతో వెళితే తీరిగ్గా కూర్చోబెట్టి వింటారన్న నమ్మకం నాకు లేదు.

మీ పట్టిక చూశాను. ఓపికగా చేశారు. కానీ గదులు, భోజనం తప్ప అందులోవన్నీ మామూలు బడిలోనూ దొరికేవే. ఇలాంటి స్కూలుకు అదనంగా కట్టే డబ్బంతా సాయంత్రం ఆటలు ముగిసినప్పటి నుంచి మర్నాడు బడిగంట కొట్టేదాకా పిల్లవాడిని చూసుకున్నందుకు. ఆ వేళలకు మీ పట్టికలో ఒక్క గడీ లేదు. మిమ్మల్ని అనడానికీ లేదు. స్కూళ్లు తల్లిదండ్రులకు చూపించేది పొద్దున పదింటివేళ, మొక్కలకు నీళ్లు పోశాక.

మళ్లీ వెళ్లండి, ఈసారి చీకటిపడే వేళకు. పిల్లల గదుల్లోకి బయటివారిని పంపకపోవడం సబబే. ఆవరణలోకే రానివ్వం అంటే మాత్రం ఆలోచించుకోవాలి. ప్రిన్సిపాలుతో కాదు, వార్డెనుతో మాట్లాడండి. ఆయన కింద ఎందరు పిల్లలున్నారు, రాత్రి ఆయన ఎక్కడ పడుకుంటారు, నడిరేయి ఒకడికి కడుపునొప్పి వస్తే ఎవరి తలుపు తట్టాలి, మీకు కబురు ఎప్పుడు అందుతుంది? మాట్లాడుతున్నప్పుడు పక్కనుంచి వెళ్లే పిల్లలను ఆయన పేరు పెట్టి పిలుస్తున్నారా, ఊరికే గదమాయిస్తున్నారా గమనించండి. పిల్లలు ఇంటికి ఫోను చేసుకునే చోటు కూడా చూడండి. ఆ ఫోను వార్డెను బల్ల మీదే ఉండి, వెనక పదిమంది వరుసలో నిలబడితే, అక్కడి నుంచి ‘బాగానే ఉన్నానమ్మా’ అన్న మాట తప్ప ఇంకేదీ రాదు.

చిన్నవాళ్లను శిక్షించే అధికారాన్ని పెద్ద తరగతుల పిల్లల చేతికిచ్చే స్కూళ్లున్నాయి. నాయకత్వం అలవడుతుందని చెబుతారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం! అలాంటిచోట ఎన్ని ర్యాంకులు వచ్చినా నేను పంపమనను. ఏడిపించడాల గురించి అడిగినప్పుడు ‘మా దగ్గర అలాంటివి జరగవండీ’ అన్నవారికన్నా, ‘కిందటేడు ఒకటి జరిగింది, మేం ఇలా చేశాం’ అన్నవారినే నమ్ముతాను. సిబ్బందిని తీసుకునే ముందు వారి గతం విచారిస్తారా, వార్డెను మీదే ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పుకోవాలో రాతలో ఉందా, మధ్యలో మానేసినవారు ఎందరు, ఎందుకు? ఇవి అడగడానికి మొహమాటపడకండి. మీవాడు చేరే తరగతిలో కొత్తగా వచ్చేవారు ఎందరో కూడా కనుక్కోండి. మిగతావారంతా చిన్నప్పటి నుంచీ కలిసి ఉన్నవారైతే, 14 ఏళ్లకు వెళ్లి వారి జట్టులో చోటు సంపాదించడం తేలిక కాదు.

దినచర్య కాగితం అడిగి నిద్ర గంటలు లెక్కపెట్టండి. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సిఫారసు చేసింది. రాత్రి పదకొండుకు దీపాలార్పి తెల్లవారుజామున ఐదింటికి లేపేచోట ఆ లెక్క ఎలాగూ కుదరదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, మీవాడి ‘మీ ఇష్టం’లో నాకు అంగీకారం కనిపించడం లేదు. ‘నా మాట మీరెలాగూ వినరు’ అన్నట్టు వినిపిస్తోంది. ఏడాదిగా ముడుచుకుపోవడం, మార్కులు తగ్గడం వయసు ప్రభావమే కావచ్చు, దిగులూ కావచ్చు. 10 నుంచి 19 ఏళ్లవారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి మానసిక ఇబ్బంది ఉంటోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దిగులుతో ఉన్న పిల్లవాడికి హాస్టలు వైద్యం కాదు. ముందు ఒకసారి పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. మీ ఇద్దరిలో ఎవరి మాట వాడు కాస్తయినా వింటాడో వారు, చదువు ఊసెత్తకుండా, పక్కన కూర్చుని అడగండి: ‘ఇంట్లో నీకు ఏది కష్టంగా ఉంది?’ జవాబు రాకపోతే మర్నాడు మళ్లీ కూర్చోండి. మీవారికి కూడా ఇదే చెప్పండి. దారిలో పెట్టడానికి పంపుతున్నారని పిల్లలు ఇట్టే కనిపెడతారు, దాన్ని శిక్షగానే తీసుకుంటారు.

ఇంటి బెంగ గురించి థర్బర్, వాల్టన్ అనే పరిశోధకులు 2007లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో రాసిన వ్యాసం నాకు బాగా పనికివచ్చింది. తమ మీద నిర్ణయం రుద్దారనుకునే పిల్లలకు బెంగ ఎక్కువ. ఇల్లు విడిచి ఉండడం ముందే కాస్త అలవాటైనవారికి తక్కువ. అందుకని స్కూళ్లను వాడికీ చూపించి, వద్దన్నదాన్ని నిజంగానే పక్కన పెట్టండి. సెలవుల్లో కొన్నాళ్లు బంధువుల ఇంట ఉంచి చూడండి. ‘నచ్చకపోతే వెంటనే తీసుకొచ్చేస్తాలే’ అని మాత్రం ముందే మాట ఇవ్వవద్దు. ఆ మాట పట్టుకుని వాడు కుదురుకునే ప్రయత్నమే చేయడు. దానికి బదులు ఫలానా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందామని చెప్పి, ఆ రోజు నిజంగానే కూర్చోండి.

నిపుణులు చూసి ఫరవాలేదన్నాక, వాడూ సరేనన్నాక, మీరు మనసుపడ్డ మూడో స్కూలుతోనే మొదలుపెట్టమంటాను. చిన్నది, దగ్గరిది కావడం ఒక కారణం. వారం వారం వాడి ముఖం మీరు చూడగలగడం అంతకన్నా పెద్ద కారణం. చీకటిపడ్డాక చూసి వచ్చినప్పుడు అక్కడా తేడా కనిపిస్తే, ఈ ఏడాదికి ఉన్న బడిలోనే ఉంచండి. కొంపేమీ మునగదు.

చేరిన కొత్తలో ఏడుపు, సణుగుడు సహజం. చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గుతుంది. అన్నం మానేసినా, నిద్రపోకపోయినా, ఒంటి మీద ఎలా తగిలాయో చెప్పలేని దెబ్బలు కనిపించినా, ఫలానా మనిషి పేరు ఎత్తగానే మాట ఆపేసినా ఫోనులో సర్దిచెప్పకండి. ఆ రోజే బయలుదేరి వెళ్లండి. కట్టిన ఫీజు సంగతి తర్వాత చూసుకోవచ్చు.