మోకాలి ఆపరేషన్ తరువాత పాదరక్షలకూ దుస్తులకూ ఎంత కేటాయించాలి?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 67 సంవత్సరాలు. వచ్చే నెలలో కుడి మోకాలికి మార్పిడి శస్త్రచికిత్స నిర్ణయించారు. ఎడమ మోకాలి సంగతి ఏడాది తరువాత చూద్దామన్నారు. ఆసుపత్రి ఖర్చులో ఎక్కువ భాగం నేను ప్రీమియం కడుతున్న ఆమె ఆరోగ్య బీమా భరిస్తుంది. అయితే ఆపరేషన్ తరువాత వాడే ప్రత్యేకమైన బూట్లు, ఇంట్లోకి చెప్పులు, నాలుగు జతల దుస్తులు, మోకాలి పట్టీ అన్నీ కలిపి ఒక కిట్‌గా 28,000 రూపాయలకు ఇస్తామని, వాయిదాల్లో కట్టవచ్చని ఒక దుకాణం వారు చెబుతున్నారు. ఈ డబ్బు బీమాలో గానీ ఆదాయపు పన్నులో గానీ తిరిగి వస్తుందా? లేక అమ్మ పేరిట ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను తీయమంటారా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆ కిట్ కొనవద్దని, డిపాజిట్ జోలికి వెళ్ళవద్దని నా సలహా. కోలుకునే కాలానికి 28,000 రూపాయలు పక్కన పెట్టుకోవడం మంచిదే. కానీ అందులో పాదరక్షలకూ దుస్తులకూ వెళ్ళవలసినది పావు వంతుకు మించదు, అది కూడా ఒకేసారి ఖర్చు చేయవలసినది కాదు.

ముందుగా బీమా విషయం. పాలసీల్లో సాధారణంగా చెల్లించని వస్తువుల జాబితా ఒకటి ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ క్రమబద్ధం చేసిన ఆ 68 అంశాల జాబితాలో నడకకు సాయపడే పరికరాలు, మోకాలి బ్రేసులు, లెగ్గింగ్స్, మధుమేహ రోగుల పాదరక్షలు, ప్రత్యేక నర్సు ఖర్చులు ఉన్నాయి. మామూలు బూట్లకూ దుస్తులకూ చికిత్స ఖర్చులో చోటే లేదు. కాబట్టి కిట్ బిల్లు తిరిగి వస్తుందన్న ఆశ పెట్టుకోకండి. ఈ జాబితాలోని అంశాలకు కూడా చెల్లించే రైడర్, అంటే పాలసీకి జతచేసే అదనపు రక్షణ, మీ పాలసీకి ఉందేమో చూడండి. ఉంటే వాకర్ వంటి వాటి బిల్లులు వర్తిస్తాయేమో కంపెనీని అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

తిరిగి రాగలిగినది ఫిజియోథెరపీ ఖర్చు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక చాలా పాలసీల్లో 60 రోజులు, కొన్నింటిలో 90 రోజుల వరకు మందులూ పరీక్షలతో పాటు, డాక్టరు రాసిచ్చిన ఫిజియోథెరపీకి కూడా చెల్లిస్తారు. డిశ్చార్జి పత్రంలోనే ఎన్ని వారాలు, వారానికి ఎన్నిసార్లు అని రాయించుకోండి. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు దగ్గర రసీదులు తీసుకోండి. నోటిమాటగా జరిగిన చికిత్సకు క్లెయిమ్ నిలవదు.

పన్ను విషయానికి వస్తే, పాత పన్ను విధానంలో ఉన్నవారికి సీనియర్ సిటిజన్లైన తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ప్రీమియంపై 50,000 రూపాయల వరకు మినహాయింపు ఉంది. వైద్య ఖర్చును ఆ పరిమితిలో చూపే వెసులుబాటు బీమా లేనివారి విషయంలోనే ఉంటుంది. మీ అమ్మగారికి బీమా ఉంది కనుక ఈ కొనుగోళ్ళ వల్ల మీకు పన్ను తగ్గదు.

ఇక కిట్‌ను ఇప్పుడే ఎందుకు కొనవద్దంటున్నానో చెబుతాను. ఆపరేషన్ తరువాత మోకాలితో పాటు పిక్క, చీలమండ, పాదం కూడా వాస్తాయి. ఆ వాపు మూడు నుంచి ఆరు నెలల వరకు కొంత కొంతగా కనిపిస్తూనే ఉంటుంది. ఈ రోజు కొలత తీసుకుని కొన్న ఖరీదైన బూటు, ఆమె నిజంగా నడక మొదలుపెట్టే వారాల్లోనే బిగుతవుతుంది. అదీగాక, మోకాళ్ళు అరిగిపోయిన చాలామంది కాళ్ళు ఏళ్ళ తరబడి దొడ్డికాళ్ళుగా వంగి ఉంటాయి. శస్త్రచికిత్సలో ఆ వంపును సరిచేస్తారు కాబట్టి పాదం నేలపై మోపే తీరు మారుతుంది. అమ్మగారి పాత చెప్పులను ఒకసారి తిరగేసి చూడండి, బయటి అంచు ఎక్కువగా అరిగి ఉంటే వాటిని మళ్ళీ వాడనివ్వకండి. వాటి వాలు సరిచేసిన కాలిని మళ్ళీ పక్కకు లాగుతుంది. ఒక కాలు పొడవైనట్లు అనిపించడం కూడా తొలి నెలల్లో మామూలే. దానికోసం చెప్పులో వేసే ఇన్‌సోళ్ళు ఫిజియోథెరపిస్టు చెప్పనిదే కొనకండి. కిట్‌లోని మోకాలి పట్టీ సంగతీ అంతే, సర్జన్ రాసిస్తే తప్ప దాని అవసరం లేదు.

ఆపరేషన్‌కు ముందు కొనవలసినది ఒక్క జత, ఇంట్లో వాడే చెప్పులు. మన ఇళ్ళలో చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తాం కనుక పెద్దవారు దీనికి సులువుగా ఒప్పుకోరు. అయినా నున్నటి టైల్స్ మీద వాకర్ పట్టుకుని వట్టి కాళ్ళతో నడవడం ప్రమాదం, తడి బాత్రూములో మరీ ప్రమాదం. బయటికి వాడని జతను ఇంటికోసమే ఉంచి, ఆపరేషన్‌కు ముందే రెండు వారాలు అలవాటు చేయండి. హవాయి చెప్పులు వద్దు, వాచిన పాదం వాటిని వేళ్ళతో పట్టి ఉంచలేదు. మడమ వెనుక పట్టీ ఉండాలి, పైన వెల్క్రో పట్టీ బాగా వెడల్పుగా తెరుచుకోవాలి, అడుగున గాట్లున్న రబ్బరు ఉండాలి, మడమ ఎత్తు అంగుళం దాటకూడదు. పాదం కూరుకుపోయేంత మెత్తటి నురుగు సోల్ దుకాణంలో హాయిగా అనిపిస్తుంది కానీ నిలకడ ఇవ్వదు. కొలత సాయంత్రం పూట తీసుకోండి. ఇవన్నీ ఉన్న జతకు 800 రూపాయలు కేటాయిస్తే సరిపోతుంది.

బయట నడిచే బూట్లను వాపు తగ్గాక, అమ్మగారిని వెంట తీసుకెళ్ళి, ఆమె నాలుగడుగులు వేసి చూశాకే కొనండి. జతకు 2,500 రూపాయల పరిమితి పెట్టుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ ధర వరకు పాదరక్షలపై జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం.

దుస్తులకు దాదాపు కొత్త ఖర్చే అక్కరలేదు. ఇంట్లో ఉన్న నూలు నైటీల అంచు చీలమండకు పైన ఉండేలా టైలరుతో కుట్టించండి. నేలను తాకే అంచు, చీర కుచ్చిళ్ళు, పొడవాటి లంగా వాకర్ కాళ్ళలో చిక్కుకుంటాయి. తొలి నెల చీర పక్కన పెట్టమని అమ్మగారికి నచ్చచెప్పండి. వ్యాయామాల సమయంలోనూ, గాయాన్ని చూసేటప్పుడూ మోకాలి పైకి సులువుగా మడవగలిగే రెండు మూడు వదులైన పైజమాలు కొనండి. పిక్కను గట్టిగా పట్టే ఎలాస్టిక్ అంచులు, చుడీదార్లు వద్దు. రక్తం గడ్డకట్టకుండా వేసే బిగుతు మేజోళ్ళు వేరు. అవి సర్జన్ చెబితేనే, కాలి కొలత తీసుకుని కొనవలసినవి. తొడిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు, విప్పేటప్పుడు చివర అన్న పద్ధతి అలవాటైతే చాలు, ప్రత్యేకమైన కుట్టుతో పని లేదు. ఈ మొత్తానికి 3,000 రూపాయలు అనుకోండి.

మిగతా డబ్బును ఆమె పడిపోకుండా కాపాడే వాటికి వెచ్చించండి. వంగకుండా చెప్పులు తొడుక్కోవడానికి పొడవాటి షూ హార్న్, కింద పడినవి అందుకునే పట్టుకర్రకు 700, వాకర్‌కు 1,800, ఎత్తైన కమోడ్ సీటుకు 2,500, బాత్రూములో గోడకు బిగించే పట్టు కడ్డీలు, జారని చాపలకు 2,500 వేసుకుంటే, పైన చెప్పినవాటితో కలిపి 13,800 రూపాయలు అవుతుంది. ఇంకా 14,200 మిగులుతుంది. ఇంటికి వచ్చే ఫిజియోథెరపీకి విడతకు 500 అనుకుంటే అది 28 విడతలకు సరిపోతుంది. కొత్త మోకాలు ఎంత బాగా వంగుతుందో తేల్చేవి ఆ వారాలే కాబట్టి, ఎక్కడ పొదుపు చేసినా ఇక్కడ చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఈ ఖర్చు రెండు మూడు నెలల మీద పరచుకుంటుంది కనుక మీ నెలసరి ఆదాయం నుంచే సర్దుకునే వీలుంటుంది. వడ్డీ లేని వాయిదాలన్న చోట కూడా ప్రాసెసింగ్ రుసుము ఉండవచ్చు, పైగా కిట్ మొత్తం ఒకేసారి అంటగడతారు. డిపాజిట్‌ను గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం వరకు కోత వేస్తాయి. ఆసుపత్రి బిల్లులో బీమా కోసేసిన భాగం పెద్దదై తప్పనిసరి అయితే, డిపాజిట్‌ను తీయకుండా దానిపై ఓవర్‌డ్రాఫ్ట్, అంటే డిపాజిట్ హామీగా బ్యాంకు ఇచ్చే అప్పు, తీసుకోండి. కొద్ది వారాల అవసరానికి అదే చవక.

ఏడాది తరువాత ఎడమ మోకాలికీ శస్త్రచికిత్స ఉండవచ్చు కనుక వాకర్, కమోడ్ సీటు, కుదించిన నైటీలు ఎవరికీ ఇచ్చేయకుండా దాచండి. బయటి బూట్ల అడుగుభాగాన్ని మాత్రం అప్పుడు మళ్ళీ పరీక్షించండి. ఆపరేషన్ కాని కాలి వంపు వల్ల ఎడమ బూటు ఒక వైపు అరిగి ఉంటే, రెండోసారి కొత్త జతకు మరో 2,500 రూపాయలు ముందే పక్కన పెట్టుకోవలసి ఉంటుంది.