గల్లాపెట్టె డబ్బు నీది కాదు

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

పేషెంట్లు బాగానే వస్తున్నారనీ, అయినా నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలడం లేదనీ మీ అమ్మ చెప్పింది. తెనాలిలో బోర్డు పెట్టిన కొత్తలో నాదీ అదే కథ. సాయంత్రం ఓపీ అయ్యాక కౌంటర్ సొరుగు లాగి, ఉన్న నోట్లు జేబులో పెట్టుకుని ఇంటికెళ్లేవాణ్ణి. దారిలో కూరలు, పళ్లు, పెట్రోలు అన్నీ అందులోంచే. మార్చిలో ఆడిటర్ గారు టాక్స్ లెక్క చెప్పేసరికి మీ అత్తయ్య గాజులు బ్యాంకులో పెట్టాల్సొచ్చింది. ఆ సంగతి మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు, చెప్పకు.

అందుకని క్లినిక్‌కి వేరే ఖాతా పెట్టు. నోట్లయినా, ఫోన్‌పే అయినా ఏ రోజు వసూలు ఆ రోజే అందులో పడాలి. నర్సుకి, కాంపౌండర్‌కి ఇచ్చినట్టే నెలనెలా 1న నీకూ జీతం వేసుకో. ఎంతంటావా? పిల్లల డాక్టర్‌వి. వానాకాలం జ్వరాలప్పుడు బెంచీలు చాలవు, సంక్రాంతి వారంలో ఈగలు తోలుకుంటావు. పుస్తకం తీసి, ఏడాదిలో బాగా డల్‌గా ఉన్న నెల చూసి జీతం కట్టుకో. మిగిలింది ఖాతాలోనే ఉండనీ. ఆరు నెలల అద్దె, స్టాఫ్ జీతాలు పోగయ్యేదాకా దాని జోలికి పోకు. మందుల రెప్ బయటికెళ్లగానే వెంచర్‌లో ప్లాటు అమ్మేవాడు లోపలికొస్తాడు, వాడి దగ్గర జాగ్రత్త.

టాక్స్ సంగతి. ఏడాది వసూళ్లు 50 లక్షలు దాటకపోతే, అందులో కనీసం సగాన్ని ఆదాయంగా చూపించి కట్టే పద్ధతి ఉంది. నగదు 5 శాతం మించకపోతే ఆ హద్దు 75 లక్షలు. అలా అయితే ఏడాది ముగిసేలోపే కట్టాల్సిన అడ్వాన్స్ టాక్స్ మొత్తం మార్చి 15 లోపు ఒకేసారి కట్టొచ్చు. నీ ఖర్చులే సగం దాటుతుంటే మాత్రం ఇది గిట్టదు, ఆడిటర్‌తో కూర్చుని లెక్క వేయించు. విజిటింగ్‌కి వెళ్లే హాస్పిటల్ వాళ్లు నీ ఫీజులోంచి 10 శాతం టీడీఎస్, అంటే టాక్స్ కింద ముందే, పట్టుకుంటారు కదా, అది నీ పాన్ మీద జమైందో లేదో మూణ్ణెల్లకోసారి చూసుకో. ఒక నర్సింగ్ హోమ్ వాళ్లు నా దగ్గర పట్టుకుని కట్టనేలేదు. వాళ్ల చుట్టూ తిరిగి చెప్పులరిగాయి.

ఇంకోటి, ఇండెమ్నిటీ పాలసీ, అంటే వైద్యంలో తప్పు జరిగిందని పేషెంట్లు కేసు వేస్తే ఆదుకునే బీమా. 1995లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మనమూ వినియోగదారుల చట్టం కిందికి వచ్చాం. మధ్యలో రెన్యువల్ తప్పితే అంతకుముందు చేసిన వైద్యం మీద వచ్చే కేసులకి రక్షణ పోయే ప్రమాదం ఉంది. నీ పాలసీ గడువు ఎప్పుడో చూసి రేపు ఫోన్‌లో చెప్పు.